‘ఓన్లీ’ని ఎక్కడ పెట్టాలి, తెలుగులో ఎలా చెప్పాలి?

#1 పలకబలపం

ఇంగ్లీషు చెప్పే టీచర్లకీ, పోటీ పరీక్షలకి చదివేవాళ్ళకీ, అనువాదాలు చేసేవాళ్ళకీ పనికొచ్చేలా ‘ఓన్లీ’ సంగతంతా ఒకచోట పెట్టుకుందాం. నిఘంటువు తీస్తే ‘మాత్రమే, కేవలం’ అని రెండు మాటలిచ్చి ఊరుకుంటుంది. ఈ అయిదు వాక్యాల్లో ఒక్కదానికీ ఆ రెండు మాటలూ సరిపోవు:

‘ఐ వాజ్ ఓన్లీ ఆస్కింగ్.’
‘యు ఓన్లీ హ్యావ్ టు ఆస్క్.’
‘హి కేమ్ ఓన్లీ ఆన్ మండే.’
‘ఐ విల్ బి ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్.’
‘షి ర్యాన్ టు ద స్టేషన్, ఓన్లీ టు ఫైండ్ ద ట్రెయిన్ గాన్.’

వీటికి తెలుగు ఏమిటి? వాక్యంలో ‘ఓన్లీ’ చోటు మారితే ఏమవుతుంది? పరీక్షల్లో ఎక్కడ మార్కులు పోతున్నాయి? తెలిసినవాళ్ళు రాయండి. సూత్రం రాసినవాళ్ళు పక్కన ఉదాహరణ కూడా తప్పకుండా రాయాలి.

#2 చిత్తుప్రతి

వరసగా చెప్తాను.

మొదటిది ‘ఊరికే అడిగానండీ’. అడగడం వెనక వేరే ఉద్దేశం లేదని మాటని తేలిక చేయడం ఇక్కడ ‘ఓన్లీ’ పని. ‘అడిగాను మాత్రమే’ అంటే తెలుగులా ఉండదు. ‘ఐ వాజ్ ఓన్లీ జోకింగ్’ కూడా ఇదే తీరు, ‘సరదాకి అన్నాను’.

రెండోది ‘అడిగితే చాలు’. ‘యు హ్యావ్ ఓన్లీ టు ప్రెస్ దిస్ బటన్’ అంటే ‘ఈ బటన్ నొక్కితే చాలు’. మిక్సీలూ వాషింగ్ మెషీన్లతో వచ్చే పుస్తకాల్లో దీన్ని ‘మీరు ఈ బటన్‌ను మాత్రమే నొక్కాలి’ అని దించేస్తుంటారు. అప్పుడు సులువు అన్న భావం పోయి, ఇంకో బటన్ ముట్టుకోవద్దన్న హెచ్చరిక మిగులుతుంది. చదివినవాడు రెండో బటన్ నొక్కాల్సిన చోట కూడా ఆగిపోతాడు.

మూడోది ‘సోమవారం గానీ రాలేదు’. అంటే అంతకుముందు వస్తాడనుకున్నాం, రాలేదు. ఇక్కడ ఇంగ్లీషు వాక్యంలో ‘నాట్’ లేకపోయినా తెలుగులో వ్యతిరేక క్రియ వాడితేనే భావం నిండుగా వస్తుంది. ‘ఐ కెన్ పే ద రెంట్ ఓన్లీ వెన్ మై సాలరీ కమ్స్’ని ‘జీతం పడితేగానీ అద్దె కట్టలేను’ అనండి. ‘జీతం వచ్చినప్పుడు మాత్రమే అద్దె కట్టగలను’లో ఆ ఇబ్బంది వినబడదు. అనువాదకులు ‘-తేగానీ’ని మరిచిపోతున్నారు. మనకున్న చక్కటి పనిముట్లలో అదొకటి.

నాలుగోది ‘ఎంతో సంతోషంగా చేసిపెడతాను’. ‘ఓన్లీ టూ’ అంటే తగ్గించడం కాదు, బాగా పెంచడం. ‘టూ’ ఉంది కదా అని ‘మరీ ఎక్కువ’ అనుకోకూడదు. అయితే దీనికే ఇంకో ముఖం ఉంది. ‘ఇట్ ఈజ్ ఓన్లీ టూ ట్రూ’ అన్నప్పుడు విచారం ధ్వనిస్తుంది: ‘నిజమే, కాకపోతే బాగుండేది.’ ‘హ్యాపీ, గ్లాడ్, విల్లింగ్’ లాంటి మాటల ముందు సంతోషం, ‘ట్రూ, క్లియర్, వెల్’ లాంటి మాటల ముందు ఎక్కువగా బాధ. ‘ఐ నో ఓన్లీ టూ వెల్’ అంటే ‘నాకు తెలియకపోవడమేమిటి, బాగా తెలుసు’.

అయిదోది ‘స్టేషనుకి పరుగెత్తింది, తీరా చూస్తే రైలు వెళ్ళిపోయింది’. ‘ఓన్లీ టు’ తర్వాత క్రియ వస్తే అది ఉద్దేశం కాదు, అనుకోకుండా ఎదురైన ఫలితం. ‘రైలు వెళ్ళిపోయిందని తెలుసుకోవడానికి మాత్రమే పరుగెత్తింది’ అని రాస్తే అర్థమే తలకిందులైంది. యంత్రానువాదాల్లో ఈ తప్పు తరచూ కనబడుతుంది. ‘తీరా’ అన్న మాట ఉండగా అంత కష్టపడక్కర్లేదు. ‘ఓన్లీ’ ముందు కామా సాధారణంగా పెడతారు, అదే మంచి గుర్తు.

#3 తాటాకు

చోటు సంగతి నేను చెప్తాను. ఒక్క వాక్యం తీసుకుందాం: ‘రాజు లెంట్ మీ టెన్ రుపీస్ యెస్టర్‌డే.’

‘ఓన్లీ రాజు లెంట్ మీ టెన్ రుపీస్ యెస్టర్‌డే’: రాజు ఒక్కడే ఇచ్చాడు, ఇంకెవరూ ఇవ్వలేదు.

‘రాజు లెంట్ ఓన్లీ మీ టెన్ రుపీస్ యెస్టర్‌డే’: నాకొక్కడికే ఇచ్చాడు. మాట్లాడేది ఆడవాళ్ళయితే ‘నాకొక్కదానికే’. ఇంగ్లీషులో ‘ఓన్లీ’కి లింగం లేదు, తెలుగులో ఒక్కడు, ఒక్కతె, ఒక్కటి, ఒక్కరు అని ఎంచుకోక తప్పదు. అనువాదకుడికి మాట్లాడేది ఎవరో తెలియకపోతే ఇక్కడే ఆగిపోతాడు.

‘రాజు లెంట్ మీ ఓన్లీ టెన్ రుపీస్ యెస్టర్‌డే’: పదే రూపాయలు, అంతకంటే ఎక్కువ ఇవ్వలేదు.

‘రాజు లెంట్ మీ టెన్ రుపీస్ ఓన్లీ యెస్టర్‌డే’: రాతలో ఇది చిక్కు వాక్యం. ‘నిన్ననేగా ఇచ్చింది’ అనైనా కావచ్చు, ‘పది రూపాయలే’ అనైనా కావచ్చు. ‘ఓన్లీ’ రెండు వైపులా అతుక్కోగలదు.

‘రాజు ఓన్లీ లెంట్ మీ టెన్ రుపీస్ యెస్టర్‌డే’: అసలు కథంతా దీనిలో ఉంది. కాగితం మీద దీనికి కనీసం నాలుగు అర్థాలు. నోటితో పలికితే ఒక్కటే. ‘లెంట్’ని ఒత్తితే ‘అప్పుగా ఇచ్చాడంతే, ఉచితంగా కాదు’. ‘మీ’ని ఒత్తితే ‘నాకే’. ‘టెన్’ని ఒత్తితే ‘పదే’. ‘యెస్టర్‌డే’ని ఒత్తితే ‘నిన్ననే’. ఇంగ్లీషువాళ్ళ నోట ‘ఓన్లీ’ క్రియ ముందు కూర్చుని ఉంటుంది, అది దేన్ని పట్టుకుందో గొంతు చెప్తుంది. ఒత్తు పడేది ‘ఓన్లీ’ మీద కాదు, అది పట్టుకున్న మాట మీద. మన పిల్లలు ‘ఓన్లీ’నే గట్టిగా పలుకుతారు, అందుకే వినేవాళ్ళకి ఏది ముఖ్యమో అందదు.

తెలుగులో ఈ బాధ లేదు. ‘ఏ’ వెళ్ళి సరిగ్గా ఆ మాటకే అతుక్కుంటుంది: రాజే, నాకే, పదే, నిన్ననే. గొంతు సాయం లేకపోయినా కాగితం మీద అర్థం చెడదు.

#4 దస్తావేజు

క్రియ ముందు పెట్టే అలవాటు పిల్లలకి నేర్పవద్దనే నా మాట. ఏ మాటని పరిమితం చేస్తున్నామో ‘ఓన్లీ’ దాని పక్కనే ఉండాలి. అపార్ట్‌మెంట్ అద్దె ఒప్పందం చూడండి:

‘ఓన్లీ ద టెనెంట్ మే పార్క్ టూ కార్స్ ఇన్ ద సెల్లార్.’ అద్దెదారుకి తప్ప ఇంకెవరికీ ఆ హక్కు లేదు.
‘ద టెనెంట్ మే పార్క్ ఓన్లీ టూ కార్స్ ఇన్ ద సెల్లార్.’ మూడో కారు కుదరదు.
‘ద టెనెంట్ మే పార్క్ టూ కార్స్ ఓన్లీ ఇన్ ద సెల్లార్.’ సెల్లారులో తప్ప ఇంకెక్కడా పెట్టకూడదని ఒకరంటారు, రెండు కార్లే అని ఇంకొకరంటారు.
‘ద టెనెంట్ మే ఓన్లీ పార్క్ టూ కార్స్ ఇన్ ద సెల్లార్.’ పార్క్ చేయడమే తప్ప అక్కడ కడగకూడదు, రిపేరు చేయించకూడదు అనీ వాదించవచ్చు.

చివరి రెండు రకాలూ దస్తావేజులో పెడితే గొడవని పిలిచినట్టే. ఇంకా గట్టిగా రాయాలంటే ‘ఓన్లీ’నే మానేసి వ్యతిరేకంలో రాయండి: ‘ద టెనెంట్ షల్ నాట్ పార్క్ మోర్ దాన్ టూ కార్స్’, ‘నో పర్సన్ అదర్ దాన్ ద టెనెంట్’. వాక్యం పొడుగైనా రెండో అర్థానికి తావుండదు.

‘అలోన్’ కూడా మంచి మాట. ‘ద టెనెంట్ అలోన్ మే పార్క్’ అన్నప్పుడు అది ముందున్న నామవాచకాన్నే పట్టుకుంటుంది, తర్వాతి మాట జోలికి పోదు. మన ‘ఒక్కడే’ లాగే నామం తర్వాత వస్తుంది కాబట్టి తెలుగువాళ్ళకి సులువుగా అలవాటవుతుంది.

#5 తాటాకు

ఒప్పందాల వరకు మీ మాట ఒప్పుకుంటాను. కానీ మాటల్లోనూ, మామూలు రాతల్లోనూ క్రియ ముందు ‘ఓన్లీ’ తప్పు అనడం సరి కాదు. ఈ వాదం ఇవాళ్టిది కాదు. 18వ శతాబ్దంలోనే బిషప్ రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో ‘ఐ ఓన్లీ స్పేక్ త్రీ వర్డ్స్’ని తప్పుపట్టి, ‘ఐ స్పేక్ ఓన్లీ త్రీ వర్డ్స్’ ఉండాలన్నాడు. 1926లో హెన్రీ ఫౌలర్ తన వాడుక నిఘంటువులో ఎదురు వాదించాడు. ‘హి ఓన్లీ డైడ్ ఎ వీక్ ఎగో’ అన్న వాక్యాన్ని తీసుకుని, అర్థం చెడే ప్రమాదం లేనప్పుడు దాన్ని దిద్దడం అనవసరమన్నాడు. ఆ వాక్యం విని ‘వారం కిందట చనిపోవడం తప్ప ఇంకేమీ చేయలేదా’ అని అనుకునేవాళ్ళు ఎవరూ లేరు.

ఇంకో సంగతి. ‘ఐ హ్యావ్ ఓన్లీ బీన్ దేర్ వన్స్’ లాంటి వాక్యాలు ఇంగ్లీషు మాటల్లో సహజం. ‘ఐ హ్యావ్ బీన్ దేర్ ఓన్లీ వన్స్’ కూడా సరైనదే, కొంచెం పుస్తకంలా ఉంటుంది. పిల్లలకి రెండూ చూపించాలి, లేకపోతే విన్నప్పుడు మొదటిది అర్థం కాదు.

#6 దస్తావేజు

అదీ ఒప్పుకుంటాను. పరీక్ష పేపర్లోనూ, ఆఫీసు రాతలోనూ గొంతు వినబడదు కాబట్టి పక్కనే పెట్టమంటాను. మాట్లాడేటప్పుడు మీరన్నట్టే.

#7 ఓరుగల్లుపిల్ల

అందరు ‘ఓన్లీ’ని ఇంగ్లీషు నుంచి తెలుగుకు తెస్తున్నరు. తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోయేటప్పుడే అసలు చిక్కు. మనం ‘ఏ’ కనబడ్డ ప్రతిచోట ‘ఓన్లీ’ పెడ్తున్నం.

‘నిన్ననే చెప్పిన’ → ‘ఐ టోల్డ్ యెస్టర్‌డే ఓన్లీ’
‘ఇక్కడనే ఉన్న’ → ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’
‘వాడంతే’ → ‘హి ఈజ్ లైక్ దట్ ఓన్లీ’
‘ఇప్పుడే వచ్చిన’ → ‘నౌ ఓన్లీ ఐ కేమ్’

హైదరాబాద్‌ల, బెంగుళూరుల, చెన్నైల ఇట్లనే మాట్లాడుకుంటరు, అర్థమైతది కూడ. హిందీ ‘హీ’, కన్నడ ‘ఏ’, తమిళ ‘దాన్’ ఇదే పని చేస్తయి కాబట్టి దేశమంత ఈ ఇంగ్లీషు వచ్చింది. దీన్ని తప్పు అనాల్నా, మన ఇంగ్లీషు అనాల్నా? తప్పయితే బదులు ఏం చెప్పాలె?

#8 తాటాకు

మంచి ప్రశ్న. భారతీయ ఇంగ్లీషు మీద పనిచేసేవాళ్ళు దీన్ని దాని సొంత లక్షణాల్లో ఒకటిగా గుర్తించారు. మన మధ్య మాటల్లో ఎవరినీ దిద్దక్కర్లేదు. ఈ అలవాటు లేనివాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి, ఎందుకంటే వాళ్ళకి వాక్యం అర్థం కాకపోవడం కాదు, వేరేలా అర్థమవుతుంది.

మూలం ఇది. తెలుగు ‘ఏ’కి రెండు పనులున్నాయి. ఒకటి, మిగతావాటిని తోసిపుచ్చడం: ‘పదే రూపాయలు’. రెండు, ‘అనుకుంటున్నది ఇదే, ఇంకోటి కాదు’ అని గుర్తుపట్టి చెప్పడం: ‘రాముడే వచ్చాడు’. ఈ రెండో దాంట్లో రాముడితో పాటు ఇంకెవరూ రాలేదని తప్పనిసరిగా అర్థం లేదు. ఎవరో వచ్చారన్నారు, ఆ వచ్చింది రాముడు, అంతే. ఇంకెవరూ రాలేదని చెప్పాలంటే తెలుగు కూడా ‘రాముడొక్కడే’ అంటుంది. ఇంగ్లీషు ‘ఓన్లీ’కి మొదటి పనే ఉంది. రెండో పనికి అది వేరే దారులు వాడుతుంది:

‘రాముడే వచ్చాడు’: ‘ఇట్ వాజ్ రామ్ హూ కేమ్.’
‘నేనే చేశాను’: ‘ఐ యామ్ ద వన్ హూ డిడ్ ఇట్.’
‘ఇక్కడే ఉన్నాను’: ‘ఐ యామ్ రైట్ హియర్.’
‘ఇప్పుడే వచ్చాను’: ‘ఐ హ్యావ్ జస్ట్ కమ్.’
‘అదే నేనంటున్నది’: ‘దట్ ఈజ్ ఎగ్జాక్ట్‌లీ వాట్ ఐ యామ్ సేయింగ్.’
‘వాడంతే’: ‘దట్ ఈజ్ జస్ట్ ద వే హి ఈజ్.’
‘నిన్ననే చెప్పాను’: ‘ఐ టోల్డ్ యు యెస్టర్‌డే’ అని ‘యెస్టర్‌డే’ని ఒత్తండి. ‘ఇంకా ఒక్కరోజే అయింది’ అన్న భావమైతే ‘ఓన్లీ యెస్టర్‌డే’, ముందు పెట్టి.

చివరిది గమనించండి. ‘ఓన్లీ యెస్టర్‌డే’ అందరి ఇంగ్లీషూ, ‘యెస్టర్‌డే ఓన్లీ’ మన ఇంగ్లీషు. మాట ఒకటే, చోటే తేడా.

#9 నీటిగడియారం

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వాళ్ళతో కాల్స్‌లో ఈ తేడా పనికే అడ్డం వస్తుంది. రెండు రకాల వాక్యాలు మరీ ప్రమాదం.

‘ద మీటింగ్ ఈజ్ టుమారో ఓన్లీ.’ మన ఉద్దేశం ‘మీటింగ్ రేపే’. అవతలివాళ్ళకి వినబడేది ‘రేపొక్కరోజే, ఎల్లుండి లేదు’. రోజూ జరిగే మీటింగ్ అయితే మిగతా రోజులు రద్దయ్యాయనుకుంటారు.

‘ఐ సెంట్ ద ఫైల్ టు హర్ ఓన్లీ.’ మన ఉద్దేశం ‘ఆమెకే పంపాను’, అంటే పంపాల్సిన మనిషికే పంపాను. వాళ్ళకి వినబడేది ‘ఇంకెవరికీ పంపలేదు’. వెంటనే మిగతావాళ్ళకి ఎందుకు పంపలేదని అడుగుతారు, లేదా వాళ్ళే మళ్ళీ పంపుతారు. రాతలో ‘యెస్, ఐ సెంట్ ఇట్ టు హర్’ అని రాస్తే సరిపోతుంది, ‘ఓన్లీ’ తీసేయడమే మందు.

తీసేసి చూడటం ఒక మంచి పరీక్ష. ‘ఓన్లీ’ బదులు ‘అండ్ నో అదర్’ పెట్టి చదవండి. మీరనుకున్న అర్థమే వస్తే ఉంచండి. రాకపోతే అది ఒత్తి పలకడానికి పెట్టిన ‘ఏ’, కొట్టేయండి. లెక్కలు, వయసులు వచ్చేచోట ఈ పరీక్ష పనిచేయదు, అక్కడ ‘అండ్ నో మోర్’ పెట్టి చూడాలి.

#10 పలకబలపం

బోర్డుల మీద ‘లేడీస్ ఓన్లీ’, ‘స్టాఫ్ ఓన్లీ’, ‘క్యాష్ ఓన్లీ’ అని వెనకే ఉంటుంది కదా. అది కూడా భారతీయ ఇంగ్లీషేనా?

#11 చిత్తుప్రతి

కాదండీ. నోటీసులు, లేబుళ్ళు, ఫారాల్లో నామం తర్వాత ‘ఓన్లీ’ ప్రపంచమంతటా ఉంది. ‘ఫర్ ఆఫీస్ యూజ్ ఓన్లీ’, ‘ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ’, ‘మెంబర్స్ ఓన్లీ’ అన్నీ సరైనవే. మన దేశంలో షెడ్యూల్ హెచ్ మందుల (డాక్టరు చీటీ మీదే అమ్మాల్సినవి) పెట్టె మీద ఇదివరకు ఉండే హెచ్చరిక కూడా ‘ఆన్ ద ప్రిస్క్రిప్షన్ ఆఫ్ ఎ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టిషనర్ ఓన్లీ’ అని ముగిసేది. ఇలాంటివి తెలుగు చేసేటప్పుడు ‘మాత్రమే’ చక్కగా కుదురుతుంది: ‘స్త్రీలకు మాత్రమే’, ‘పైపూతకు మాత్రమే’. ఆస్పత్రి లేబుల్ మీద ‘బాహ్య ఉపయోగానికి మాత్రమే’ కంటే ‘పైపూతకు మాత్రమే, తాగకూడదు’ అని రాయడం మేలు.

#12 కౌంటర్‌కిటికీ

చెక్కు మీద ‘ఓన్లీ’ గురించి రెండు మాటలు. ‘రుపీస్ ట్వెంటీ ఫైవ్ థౌజండ్ ఓన్లీ’లో దాని పని తలుపు మూయడం. అది లేకుండా ఖాళీ వదిలితే తర్వాత ‘నైన్ హండ్రెడ్’ చేర్చవచ్చు. అందుకే చివరి అంకె మాటకి ఆనించి ‘ఓన్లీ’ రాసి, మిగిలిన చోట గీత గీయాలి. చాలామంది చివర జాగ్రత్త పడి మొదట ఖాళీ వదులుతారు. అక్కడ ‘వన్ లాక్’ పడుతుంది. అచ్చులో ఉన్న ‘రుపీస్’ పక్కనుంచే మొదలుపెట్టాలి. అంకెల తర్వాత అడ్డగీతా చిన్నగీతా పెట్టేది కూడా ఇందుకే.

‘ఓన్లీ’ రాయకపోతే చెక్కు చెల్లదని కొందరంటారు, అది నిజం కాదు. అలాంటి నియమం లేదు, అది జాగ్రత్త మాత్రమే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం వేరువేరుగా ఉంటే అక్షరాల్లో రాసిందే లెక్క. అందుకే అక్షరాల గీతని కాపాడుకోవడం అంత ముఖ్యం. అదే చట్టం 87వ సెక్షన్ ముఖ్యమైన దిద్దుబాటు జరిగిన పత్రం, దానికి ఒప్పుకోనివాళ్ళ మీద చెల్లదంటుంది. అయితే దిద్దుబాటు కంటికి కనబడకుండా ఉండి, బ్యాంకు సక్రమంగా చెల్లించేస్తే 89వ సెక్షన్ బ్యాంకుకి రక్షణ ఇస్తుంది. ఖాళీలో ఇమిడిపోయేలా చేర్చిన మాట కంటికి కనబడదు కదా, అక్కడే ఖాతాదారుకి ప్రమాదం. ‘ఓన్లీ’ మరిచిపోయి తర్వాత ఇరికించకండి. తేదీ తప్ప వేరే దిద్దుబాట్లున్న చెక్కు సీటీఎస్ (కాగితం బదులు చెక్కు బొమ్మని బ్యాంకుల మధ్య పంపే పద్ధతి) క్లియరింగ్‌లో తిరిగొస్తుంది. కొత్త చెక్కు రాయండి.

తెలుగులో రాసినా ఇదే పద్ధతి: ‘అక్షరాల ఇరవై అయిదు వేల రూపాయలు మాత్రమే’.

#13 ఓరుగల్లుపిల్ల

‘మాత్రమే’ సంగతి వచ్చింది కాబట్టి, ‘మాత్రం’ వేరే అని కూడ చెప్పాలె. ‘నేను మాత్రం రాను’ అంటే ‘ఓన్లీ ఐ విల్ నాట్ కమ్’ కాదు. మిగిలినోళ్ళు వచ్చినా రాకున్నా, నా సంగతి ఇది అని. ‘ఐ, ఫర్ వన్, యామ్ నాట్ కమింగ్’, లేకుంటే ‘వెల్, ఐ యామ్ నాట్ కమింగ్’ అనాలె. ఒక్క ‘ఏ’ తోని మాటే మారిపోతది: ‘నీళ్ళు మాత్రం తాగు’ అంటే కనీసం నీళ్ళన్న తాగు, ‘నీళ్ళు మాత్రమే తాగు’ అంటే వేరేది ముట్టకు. మొదటిదానికి ఇంగ్లీషుల ‘అట్ లీస్ట్’.

ఇంకోటి, ‘ఉత్తగనే అడిగిన’ల ‘ఉత్త’, ‘వట్టి మాటలు’ల ‘వట్టి’ ‘మియర్’కు దగ్గర. ‘హి ఈజ్ ఓన్లీ ఎ క్లర్క్’ని ‘వట్టి గుమాస్తా’ అంటే చిన్నచూపు కూడ వస్తది. ఆ చిన్నచూపు ఇంగ్లీషుల ఉన్నప్పుడే వాడాలె.

#14 చిత్తుప్రతి

చాలా ముఖ్యమైన మాట చెప్పారు. దానికి ఒకటి కలుపుతాను. వయసు, సమయం దగ్గర తెలుగుకి ‘ఇంకా’ తోడు కావాలి. ‘హి ఈజ్ ఓన్లీ ఫైవ్’: ‘వాడికింకా అయిదేళ్ళే.’ ‘ఇట్ ఈజ్ ఓన్లీ ట్యూజ్‌డే’: ‘ఇంకా మంగళవారమే.’ ‘వాడు కేవలం అయిదు సంవత్సరాలవాడు మాత్రమే’ అని పేపర్లలో వస్తుంటుంది. ‘కేవలం’, ‘మాత్రమే’ రెండూ ఒకే వాక్యంలో అక్కర్లేదు, ఏదో ఒకటి కొట్టేయండి. చాలాసార్లు రెండూ కొట్టేసి ‘ఏ’ పెడితేనే బాగుంటుంది.

#15 గోదారిగట్టు

పోటీ పరీక్షల కోణంలో రాస్తున్నాను. తప్పులు పట్టమనే ప్రశ్నల్లో ‘ఓన్లీ’ నాలుగు రకాలుగా వస్తుంది.

వాక్యం మొదట్లో ‘ఓన్లీ’తో సమయం, షరతు, పద్ధతి చెప్పే భాగం వస్తే అసలు వాక్యంలో సహాయక క్రియ కర్త కంటే ముందుకి రావాలి. ‘ఓన్లీ ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్ డిడ్ వి లీవ్’ సరైనది, ‘వి లెఫ్ట్’ తప్పు. తారుమారు జరిగేది అసలు వాక్యంలోనే, ‘ఆఫ్టర్’ భాగంలో కాదు. ‘ఓన్లీ వెన్ డిడ్ హి కమ్, వి లెఫ్ట్’ అని గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఇక్కడ పోగొట్టుకుంటారు. కానీ ‘ఓన్లీ’ కర్తనే పట్టుకుంటే తారుమారు లేదు: ‘ఓన్లీ రవి నోస్ ద ఆన్సర్.’ ‘ఓన్లీ డజ్ రవి నో’ అనరు.

‘నాట్ ఓన్లీ... బట్ ఆల్సో’లో రెండు వైపులా ఒకే రకం మాటలుండాలి. ‘హి నాట్ ఓన్లీ ప్లేస్ క్రికెట్ బట్ ఆల్సో ఫుట్‌బాల్’లో ఒకవైపు క్రియ, ఒకవైపు నామం. దిద్దితే ‘హి ప్లేస్ నాట్ ఓన్లీ క్రికెట్ బట్ ఆల్సో ఫుట్‌బాల్’. కర్తలు రెండైతే క్రియ దగ్గరున్నదాన్ని బట్టి: ‘నాట్ ఓన్లీ ద టీచర్ బట్ ఆల్సో ద స్టూడెంట్స్ ఆర్’. మొదట్లో పెట్టి క్రియని అందుకుంటే ఇక్కడా తారుమారే: ‘నాట్ ఓన్లీ డిడ్ హి కమ్ లేట్, బట్ హి ఆల్సో...’

‘హి ఈజ్ వన్ ఆఫ్ ద బాయ్స్ హూ హ్యావ్ పాస్‌పోర్ట్స్’లో ‘హ్యావ్’. ‘హి ఈజ్ ద ఓన్లీ వన్ ఆఫ్ ద బాయ్స్ హూ హ్యాజ్ ఎ పాస్‌పోర్ట్’లో ‘హ్యాజ్’. మొదటిదాంట్లో పాస్‌పోర్టులున్నది అబ్బాయిలకి, రెండోదాంట్లో వాడొక్కడికే. ‘ద ఓన్లీ వన్’ కనబడగానే ఏకవచనం.

ఇక ‘ఇఫ్ ఓన్లీ’. ఇది షరతు కాదు, తీరని కోరిక. ఇప్పటి సంగతికి భూతకాలం: ‘ఇఫ్ ఓన్లీ ఐ నూ’ (తెలిస్తే ఎంత బాగుండు). గడిచినదానికి ‘హ్యాడ్’: ‘ఇఫ్ ఓన్లీ ఐ హ్యాడ్ నోన్’ (అప్పుడే తెలిసుంటే). ‘ఇఫ్ ఓన్లీ ఐ నో’ రాస్తే తప్పు.

#16 తాటాకు

‘ఇఫ్ ఓన్లీ’నీ ‘ఓన్లీ ఇఫ్’నీ కలిపేయడం కూడా చాలా చూస్తాం, తర్కం ప్రశ్నల్లో మరీను. ‘యు గెట్ ద సీట్ ఓన్లీ ఇఫ్ యు పే ద ఫీజ్’ అంటే ఫీజు కట్టందే సీటు రాదు. ఫీజు కడితే సీటు వచ్చి తీరుతుందని కాదు. సీటు వచ్చిందంటే ఫీజు కట్టాడని ఖాయంగా చెప్పవచ్చు, అంతవరకే. రెండు వైపులా హామీ కావాలంటే గణితంవాళ్ళ ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’ వాడాలి. తెలుగులో ‘కడితేనే వస్తుంది’ అన్నా చాలామందికి ‘కడితే వస్తుంది’ అని కూడా వినబడుతుంది, అందుకే ‘కట్టందే రాదు’ అని వ్యతిరేకంలో చెప్పడం స్పష్టం.

ఇదే సూత్రం ఇంకో రూపంలో: ‘ఓన్లీ గ్రాడ్యుయేట్స్ ఆర్ ఎలిజిబుల్’ అంటే ‘ఆల్ గ్రాడ్యుయేట్స్ ఆర్ ఎలిజిబుల్’ కాదు. అర్హులందరూ పట్టభద్రులే అని. ‘ఓన్లీ’ ఉన్న వాక్యాన్ని ‘ఆల్’గా మార్చేటప్పుడు రెండు మాటల చోట్లూ తిప్పేయాలి. రీజనింగ్ పేపర్లో ఈ ఒక్కటి గుర్తుంటే చాలు.

‘ఓన్లీ’లో దాగిన ‘కాదు’ వల్లనే ‘ఎనీ, ఎవర్’ దాని తర్వాత వస్తాయి: ‘ఓన్లీ రవి ఎవర్ రీడ్స్ ద మినిట్స్.’ ‘రవి ఎవర్ రీడ్స్’ కుదరదు. తెలుగులోనూ ‘రవి తప్ప ఎవ్వరూ ఎప్పుడూ చదవరు’ అని ఆ వ్యతిరేకం బయటికి వస్తుంది.

#17 పలకబలపం

ఇదంతా ఒక ఫైలుగా చేసి పెడతాను. ఇంకో మూడు మిగిలాయి: ‘ఓన్లీ జస్ట్’, రెండు వాక్యాల మధ్య వచ్చే ‘ఓన్లీ’, ‘విల్ ఓన్లీ’. క్లుప్తంగా ఎవరైనా?

#18 చిత్తుప్రతి

‘ఓన్లీ జస్ట్’కి రెండు. ‘ఐ హ్యావ్ ఓన్లీ జస్ట్ కమ్’: ‘ఇదిగో ఇప్పుడే వస్తున్నా.’ అమెరికాలో ‘ఐ ఓన్లీ జస్ట్ గాట్ హియర్’ అని మామూలు భూతకాలం కూడా వాడతారు. ‘వి ఓన్లీ జస్ట్ కాట్ ద ట్రెయిన్’: ‘తృటిలో అందుకున్నాం’, ఇంకొంచెమైతే తప్పిపోయేది.

మధ్యలో వచ్చేది ‘కాకపోతే’: ‘ఐ వుడ్ కమ్, ఓన్లీ ఐ యామ్ బిజీ’, ‘వద్దును, కాకపోతే పనుంది’. మాటల్లో సరే, పరీక్ష వ్యాసంలో ‘బట్’ రాయించండి.

‘దిస్ విల్ ఓన్లీ మేక్ ఇట్ వర్స్’: ‘దీనివల్ల ఇంకా చెడిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.’ దీని ఎదురు రూపం ‘ఇట్ ఈజ్ ఓన్లీ న్యాచురల్’, అక్కడ తెలుగుకి ‘సహజమే’ అన్న ఒక్క మాట సరిపోతుంది.

#19 తాటాకు

ఫైల్లో ఉచ్చారణ గురించి ఒక వాక్యం చేర్చండి. పాత ఇంగ్లీషులో ఇది ‘ఒకటి’ అనే మాటకి ‘లాంటి’ అనే ప్రత్యయం చేరి పుట్టింది. ‘వన్’ ఉచ్చారణ తర్వాత మారింది గానీ, ‘ఓన్లీ’, ‘అలోన్’ పాత ‘ఓ’నే నిలుపుకున్నాయి. పిల్లలు అక్షరక్రమం చూసి ‘ఆన్లీ’ అనే చోట ఇది చెప్తే దిద్దుకుంటారు.